సొంత పాట, ఉమ్మడి పేరు

బ్యాండు అను మాట వినబడగానే మన యిండ్లలో పెండ్లి ఊరేగింపు ముందర ఎఱ్ఱకోటులు తొడిగి ఇత్తడి బాకాలూదుచు నడచువారే తలంపునకు వత్తురు. వారు లేక పెండ్లి సాగదు. వారిని పందిటిలోనికి పిలిచి పంక్తిలో కూర్చుండబెట్టిన గృహస్థులు మాత్రము అరుదు. ఈ చిన్నచూపు ఎంత లోతుగ దిగినదనగా, కుమారుడు గిటారు కొనిపెట్టుమని యడిగినచో తండ్రి నోట మొదట వెడలు మాట "బ్యాండుమేళములో చేరుదువా?" అనునదే. బడిపంతుళ్ళము గనుక ఈ ప్రశ్నను మేము అనేక పర్యాయములు విన్నాము. ఇందు వాద్యముపై ద్వేషము కన్న వాద్యము వాయించు మనుష్యునిపై తిరస్కారమే హెచ్చు.

మేమిచ్చట విచారింపబూనినది వేఱొక విధమైన బ్యాండు. నలుగురైదుగురు యువకులు కూడి, మాటలు తామే కూర్చుకొని, బాణీ తామే కట్టుకొని, చలనచిత్రమువారి యానతికై వేచియుండక పాడుకొను స్వతంత్ర వాద్యబృందము. ఇంగ్లాండు, అమెరికా దేశములలో 1960, 1970 దశకములలో వర్ధిల్లి, నేడు క్లాసిక్ రాక్ అను పేర పెద్దల సంగీతముగ గౌరవమందుచున్నది ఇట్టి బృందముల పాటయే. తెలుగున దీనికి దగ్గర యుదాహరణము హైదరాబాదున యశ్వంత్ నాగ్ స్థాపించిన చౌరస్తా బృందము. అది పుట్టిన విధమును, పెరిగిన తీరును చూచిన కొలది మాకు ఒక యభిప్రాయము బలపడినది. మన బృందములకు కొదవ వాద్యములలో లేదు, భాషలో అంతకన్న లేదు. పదిమంది చేసిన పనిని పదిమంది పేర నిలుపుకొను నేర్పులో నున్నది.

మొదట ఈ సంగీతము పుట్టుక. రాక్ పాట ఇంగ్లీషు దొరల సొత్తని మనవారనుకొందురు. అది నిజము కాదు. అమెరికా దక్షిణ రాష్ట్రముల ప్రత్తి చేలలో చాకిరి చేసిన నల్లజాతివారి బ్లూస్ పాటలే దాని తల్లివేరు. మిసిసిపీ తోటలలో పెరిగిన మడ్డీ వాటర్స్ 1943లో చికాగో నగరమునకు వలసపోయెను. అచ్చటి పానశాలల రొదలో పల్లెటూరి గిటారు వినబడదు. అందుచే దానికి విద్యుత్తును జోడించెను. కూలికై పట్టణము చేరినవాని పాట గట్టిపడుట ఇట్లు జరిగినది. పలాసనుండియు, పాలకొండనుండియు విశాఖకును హైదరాబాదునకును కూలికై పోవువారిని చూచు మావంటివారికి ఇది దూరదేశపు కథగా తోచదు.

ఆ పాట పళ్ళెములపైకెక్కి సముద్రము దాటి ఇంగ్లాండు చేరెను. 1950 దశకమున లివర్‌పూల్ వంటి రేవుపట్టణములలో కూలివారి పిల్లలకు వాద్యములు కొను శక్తి లేదు. బట్టలుతుకు గరుకు రేకును వ్రేళ్ళకు తొడిగిన అంగుతానులతో గీకి తాళము వేసిరి. తేయాకు పెట్టెకు కఱ్ఱయు త్రాడును బిగించి మంద్రస్వరము పలికించిరి. జాన్ లెనన్ అను బాలుడు 1956లో అట్టి మేళమునే కూర్చెను. 1957 జూలైలో ఒక చర్చి తోటలో జరిగిన సంబరమున పాల్ మెకార్ట్నీ అతనికి పరిచితుడయ్యెను. మరుసటి యేడు జార్జి హారిసన్ చేరెను. 1960లో బీటిల్స్ అను పేరు స్థిరపడెను. 1962లో రింగో స్టార్ వచ్చి మద్దెల పట్టెను. నడుమ జర్మనీ దేశపు హాంబర్గు రేవులో రాత్రులు గంటల తరబడి, త్రాగి కేకలువేయు నావికుల యెదుట పాడిరి. వారి గురుకులవాసము అది. 1970లో విడిపోయిరి.

ఈ బృందమునందు మమ్ము మిక్కిలి ఆకర్షించినది వారి జుట్టును కాదు, కేకయు కాదు. లెనన్, మెకార్ట్నీ యిరువురును బాల్యముననే ఒక యొడంబడిక చేసికొనిరి: ఎవరు వ్రాసినను పాట యిద్దరి పేరనే వెలువడవలెను. పిమ్మట ఒక్కడే కూర్చుండి వ్రాసిన పాటలును జంటపేరనే అచ్చుపడినవి. తెలుగువారికి ఇది క్రొత్త గాదు. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1920లో కాలధర్మము నొందిన తరువాత కూడ చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు తిరుపతి వేంకటకవులన్న జంటపేరునే నిలిపిరి. పోయిన స్నేహితుని పేరును ముందు నిలిపి తాను వెనుక నిలుచుట సామాన్యమైన సంస్కారము కాదు. జంటకవిత్వమును శ్లాఘించు పండితులు నలుగురు కుఱ్ఱవాండ్రు కలిసి పాట కట్టినచో అల్లరి యని త్రోసివేయుట మాకు వింతగా నున్నది.

అయితే ఈ సంగీతచరిత్రలో ఉమ్మడి పేరునకు ఎదురు తార్కాణమును కలదు. 1962లో లండనున ఏర్పడిన రోలింగ్ స్టోన్స్ బృందము తన పేరునే మడ్డీ వాటర్స్ పాటనుండి గ్రహించెను. 1965లో అమెరికా టెలివిజనులో తమ కవకాశము కలిగినప్పుడు హౌలిన్ వుల్ఫ్ అను వృద్ధ నల్లజాతి గాయకుని వేదికపైకి రప్పించి ఆయన పాదములకడ కూర్చుండి వినిరి. లెడ్ జెపెలిన్ బృందమువారు 1969లో వెలువరించిన ప్రసిద్ధమైన పాట యొకటి విల్లీ డిక్సన్ అను బ్లూస్ రచయిత పాటను పోలియున్నను ఆయన పేరు దానిపై లేదు. ఆయన 1985లో దావా వేసెను. 1987లో రాజీ కుదిరెను. ఇరుబృందములును గొప్పవే. ఋణము తీర్చినవారొకరు; అడిగించుకొని తీర్చినవారు వేఱొకరు. ఈ భేదమును చదువరులు మనస్సున నుంచుకొందురేని, ఈ వ్యాసము చివర మా జిల్లా పాటల ప్రస్తావన వచ్చినప్పుడు అక్కరకు వచ్చును.

గిటారు పరదేశవాద్యమనువారికి ఒక్క మాట చాలును. విజయనగరమున 1919లో సంగీత కళాశాల నెలకొల్పబడినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులు కాగా, వాయులీనము బోధించుటకు నియమింపబడినవారు ఇరువది యాఱేండ్ల ద్వారం వేంకటస్వామినాయుడుగారు. ఆ వాయులీనము ఐరోపానుండి వచ్చి మన చేతికి చిక్కినదే! నేడు దానిని పరదేశవాద్య మనువాడు లేడు. వాద్యమునకు జాతి లేదు. వాయించువాని చేతికే కలదు.

ఇక మన దేశమున. మా ఆమదాలవలస స్టేషను, శ్రీకాకుళము రోడ్డు అను పేర, హౌరా-చెన్నై దారిలో నున్నది. పూర్వము బ్రహ్మసమాజమును, విధవావివాహమును వంగదేశమునుండియే తెలుగుదేశమునకు వచ్చినవి. సొంత భాషలో రాక్ పాట కట్టు సాహసమును మొదట చూపినవారిలో వంగీయులే యుండుట ఆశ్చర్యము గాదు. 1970 దశకము నడుమ కలకత్తాలో గౌతమ్ చటోపాధ్యాయ మహీనేర్ ఘోడాగులి, అనగా మహీనుని గుఱ్ఱములు, అను బృందమును కూర్చెను. ఆ పేరు ఆధునిక కవి జీవనానంద దాసు పద్యమునుండి గ్రహించినది. గౌతముడు నక్సలైటు ఉద్యమముతోడి సంబంధమున చెఱ యనుభవించినవాడు. ఆ యుద్యమము 1960 దశకాంతమున మా జిల్లా కొండలలో రగిలిన దినములు ఇచ్చటి పెద్దలు మఱవలేదు. చెఱ విడిచి వచ్చినవాడు నినాదములు పాడునని యెవరైన నెదురుచూతురు. ఆయన బావులుల ఏకతారను, గిటారును ఒక్క చాపపై పెట్టి, నగరపు ఒంటరితనమును గూర్చి పాడెను.

1977, 1978, 1979 సంవత్సరములలో మూడు పళ్ళెములు వెలువరించిరి. కొన్నవారు కొద్దిమంది. 1981లో బృందము విడిపోయి, ఎవరి యుద్యోగములకు వారు పోయిరి. కథ ఇచ్చటితో ముగిసియున్నచో మేము దానిని చెప్పియుండము. 1995లో గౌతముడు మరల పూనుకొని ఒక పాటల సంపుటమును వెలువరించెను. అందులో తన పాత పాటలు మాత్రమే పాడుకొని కీర్తి వసూలు చేసికొనలేదు. అప్పటికి పేరులేని చిన్న బృందముల పాటలు చేర్చి, పత్రికా సంపాదకుడు క్రొత్త రచయితలకు పుట లిచ్చినట్లు వారికి చోటిచ్చెను. తాను సంపాదకుడనని చెప్పుకొనెను. 1999లో ఆయన మరణించునాటికి వంగభాషలో బ్యాండు అను మాటకు గౌరవము వచ్చినది. ఆ సంపుటములలోని ఒక బాణీ 2006లో గ్యాంగ్‌స్టర్ అను హిందీ చిత్రమున వినబడి దేశమంతట మ్రోగెను. పాట బృందమునుండి చిత్రమునకు పోయినది గాని, చిత్రమునుండి బృందమునకు రాలేదని గమనింపదగును.

ఢిల్లీలో 1990లో సుస్మిత్ సేన్, అషీమ్ చక్రవర్తి మొదలిడిన ఇండియన్ ఓషన్ బృందము ఇంకొక విధమున బోధకమైనది. రాహుల్ రామ్ వచ్చి మంద్ర గిటారు పట్టెను. ఆయన నర్మదా లోయ ఉద్యమములో తిరిగినవాడు. రేవామాతను గూర్చిన పాట ఆ లోయనుండియే బృందమునకు వచ్చినది. 2000 సంవత్సరములో వెలువడిన కందిసా సంపుటపు ముఖ్యగీతము కేరళ క్రైస్తవుల ప్రాచీన సిరియా భాషా ప్రార్థన. 2010లో కంపెనీలతో బేరము మాని, తమ క్రొత్త పాటలను నెలకొక్కటి చొప్పున ఇంటర్నెట్టున ఉచితముగ పంచిరి. ఆ సంపుటమునకు పెట్టిన పేరు తాము సాధన చేసికొనిన పాత యింటి చిరునామా: 16/330 ఖజూర్ రోడ్. ఒక యిల్లు, ఒక గది, ప్రతిదినము కూడుట - బృందము పుట్టుటకు ఇంతకన్న మంత్రము లేదు. 2009 డిసెంబరులో అషీమ్ మరణించెను. 2013లో సుస్మిత్ వెడలిపోయెను. స్థాపకులిద్దరును లేకున్నను బృందము ఆగలేదు. 2023లో కూడ క్రొత్త సంపుటము తెచ్చిరి. పేరు మనుష్యునిది గాక యింటిదైనప్పుడే యిది సాధ్యము.

ఇప్పుడు చౌరస్తా. దీని నడక శుద్ధమైన రాక్ గాదు. రాక్ తోడబుట్టువు వంటి రెగ్గే. జమైకా ద్వీపమున 1960 దశకాంతమున రూపొందిన ఈ నడకలో ప్రాణము ఖాళీలో నున్నది. నాలుగు దెబ్బల ఆవర్తమున మొదటి దెబ్బను మద్దెలగాడు తఱచు విడిచిపెట్టును. గిటారు ఎదురు దెబ్బలపై తునుకలు తునుకలుగ పడును. వినువాని పాదము తానే ఆ ఖాళీని పూరించును. మన శాస్త్రమున అనాగతమని యొక గ్రహము కలదు - తాళము మొదలైన పిదప పాట ఎత్తుకొనుట. పల్లెలో కోలాటము పాడువారికి శాస్త్రము తెలియకున్నను ఈ యెత్తుగడ తెలియును. రెగ్గే తెలుగు నోటికి ఇంత తేలికగ నమరుటకు ఇదియొక కారణమని మా తలంపు.

రెండవ కారణము భాష. ఇంగ్లీషు పద్యము ఊనికపై నడచును; తెలుగు పద్యము మాత్రలపై నడచును. ఇంగ్లీషు మాట హల్లుతో తెగి దెబ్బవలె పడును. తెలుగుమాట అచ్చుతో ముగిసి సాగును. ఈ భేద మెఱుగని కళాశాల కుఱ్ఱలు తెలుగుమాట చివరి అచ్చును మ్రింగి, ఇంగ్లీషు ఊనికను మాట నడుమ దిగగొట్టి పాడుదురు. వినుటకు పంటిక్రింద రాయి పడినట్లుండును. చౌరస్తావా రీ తప్పు చేయలేదు. "ఊరెళ్ళిపోతా మామా" అను వారి పాటనే చూడుడు. పట్టణమున విసిగినవాడొకడు మరల పల్లెకు పోయెదనని మేనమామతో మొఱపెట్టుకొనుట అందలి విషయము. సంబోధన చివర దీర్ఘమున్నది. గాయకుడు దానిని ఆవర్తపు ఖాళీలోనికి సాగదీయును. వాద్యమునకు అవసరమైన చోట భాషయే విరామమిచ్చినది. గురజాడ అప్పారావుగారు 1910లో ముత్యాల సరములు కట్టినప్పుడు చేసినపని ఇట్టిదే: జనుల నోటి నడక నెఱిగి క్రొత్త భావమును దానిపై నెక్కించుట.

గుణమును చెప్పితిమి, లోపమును చెప్పవలెను. ఆ పాటలోని పల్లె పట్టణమువాని స్వప్నములోని పల్లె. అందు చెట్టును, గాలియును, బస్సును గలవు; అప్పు లేదు, కులము లేదు, ఊరివెలుపలి వాడ లేదు. పల్లెను విడిచినవా డెందుకు విడిచెనో పాట అడుగదు. మడ్డీ వాటర్స్ తన మిసిసిపీని తలచుకొనునప్పుడు అచ్చటి ఎండయు, యజమానుడును కూడ జ్ఞప్తికి వత్తురు. బెంగ తీపిగ నుండుట దోషము గాదు. ఉత్త తీపియే యైనచో రెండవమారు వినునప్పటికి పలుచబడును. అంతకన్న మాకు నచ్చినది 2020లో కరోనా మహమ్మారి దినములలో వారు పాడిన పాట. చేతులు కలుపవలదు, దూరమునుండియే నమస్కరింపుడని చేతులెత్తి వేడు పాట అది. ప్రభుత్వపు ప్రకటనలకు చెవియొగ్గని యిండ్లలో ముసలమ్మలు సైతము దానిని కూనిరాగము తీసిరి. హితబోధ చేయు పాట సాధారణముగ చప్పగ నుండును. ఇది యట్లు కాకుండుటకు కారణము పెద్దరికము లేకపోవుట. తోటివాని కాళ్ళు పట్టుకొనినట్లున్నది గాని, బెత్తము పట్టినట్లు లేదు. బెత్తము సంగతి మా వృత్తివారికి తెలిసినంత ఇతరులకు తెలియదు!

ఈ పాటల గొంతు రామ్ మిరియాలది. కరోనా పాట వెలువడిన మరుసటి యేడే, 2021లో, జాతిరత్నాలు చిత్రమున "చిట్టి" పాట పాడి ఆయన ఇంటింటికి ఎఱుకైనాడు. 2022లో డీజే టిల్లు చిత్రపు పాట తానే బాణీ కట్టి పాడెను. 2023లో బలగం చిత్రమునందు పల్లెపాట. ఇందు తప్పుపట్టుటకేమియు లేదు. పాటగానికి కూడు కావలెను. తెలుగున కూడు పెట్టునది చలనచిత్ర మొక్కటే. బాబ్ మార్లే కథయు నిట్టిదే. 1963లో ముగ్గురు స్నేహితులు సమానులుగ మొదలిడిన వెయిలర్స్ బృందము, 1974లో ఇరువురు వెడలిపోగా, "బాబ్ మార్లే మఱియు వెయిలర్స్" అయినది. అయినను అచ్చట పాట బృందముననే నిలిచినది. ఇచ్చట గొంతు చిత్రమునకు పోగా జనులు పాటను గొంతు పేరనే గుర్తుంచుకొందురు. గిటారు మీటినవాడు, మద్దెల వేసినవాడు, ఆ ఖాళీ నెచ్చట విడువవలెనో నిర్ణయించినవాడు - వీరిని మన శ్రోత అడుగడు. చలనచిత్రము మనకు నేర్పిన చూపు ఇది: తెరపై నాయకు డొక్కడే, పాటయు నొక్కనిదే. బృందమును తినివేయునది ధనాశ కన్న ఈ చూపే. నెలజీతములేక సాధన చేయు అయిదుగురిలో ఒక్కని పేరే మ్రోగినచో తక్కిన నలుగురి తల్లిదండ్రులు ఎంతకాలము సహింతురు?

పేరు సంగతి వచ్చినది గనుక మా యుత్తరాంధ్రకు వత్తుము. తెలుగు బృందములును, చిత్రములును ఇటీవల జానపదమున కెగబడినప్పుడు తఱచు చేయిచాచునది మా శ్రీకాకుళ, విజయనగర ప్రాంతపు పాటలకే. 2020లో పలాస 1978 అను చిత్రమున వచ్చిన నక్కిలీసు గొలుసు పాట మా పల్లెలలో పాతది. చిత్రము వెలువడగానే దేశాంతరములలోని తెలుగువారును దానికి నర్తించిరి. దానిని మోసికొని వచ్చిన పల్లె నోళ్ళ పేర్లు మాత్రము అంతదూరము ప్రయాణము చేయలేదు. పార్వతీపురము చెంతనుండి వచ్చి, విశాఖ నౌకానిర్మాణశాలలో కార్మికుడై, 1972లో ఏర్పడిన జననాట్యమండలిలో గద్దరుతోకూడ పాడిన వంగపండు ప్రసాదరావుగారు 2020 ఆగస్టున మరణించిరి. ఆయన పాటలోని పల్లవిమాటను 2009లో మగధీర చిత్రపు పాటలో అనుమతి లేక వాడుకొనిరని ఆయన ఆక్షేపించిన సంగతి పత్రికల కెక్కినది. విల్లీ డిక్సన్ న్యాయస్థానమున అడిగినది ఇదే గదా. జానపదమునకు కర్త లేడని మనమనుచుందుము. లేడనుట సులభము, వెదకుట శ్రమ.

మా జముకు నొక్కసారి తలచుకొనుడు. చిన్న కుండవంటి వాద్యము. ఒక ముఖమున తోలు, దాని నడుమనుండి నరము. నరమును బిగించి సడలించుచు మీటిన కొలది స్వరము పైకిని క్రిందికిని జారును. తేయాకు పెట్టెకు త్రాడు కట్టిన లివర్‌పూల్ బాలురు వెదకినదియు ఈ జారుడు మంద్రమునే. జముకు వాయించువానిని బృందములు ఒక పల్లవికై పిలిచి, రంగస్థలమున మూల నిలువబెట్టి, పని ముగియగానే బస్సుఖర్చు లిచ్చి పంపుట కాక, అయిదవవానిగ లెక్కించి సంపుటముపై పేరు వేసి, వచ్చిన దానిలో పాలిచ్చినచో ఆ బృందపు నడకయే మారును. ఆయన చేతికి తెలిసిన కాలము హైదరాబాదు గిటారునకు ఇంకను తెలియదు.

పైన చెప్పిన బృందములలో స్త్రీలు అరుదుగ నుండుట చదువరులు గమనించియే యుందురు. దీనికి సంగీతము కారణము గాదు. మన యిండ్లలో ఆడుపిల్లకు వీణయో, కీర్తనయో నేర్పించుట గలదు. పెండ్లిచూపులనాడు పాడించుటయు గలదు. పెండ్లియైన మరునాటినుండి వీణ గవిసెనలో నుండును. నలుగురితో కూడి రాత్రి యెనిమిదివఱకు సాధన చేయుట కామెకు గది లేదు, అనుమతి లేదు. కుమారునికి గిటారు కొనుటకు వెనుకాడు తండ్రియైనను వానికి మేడమీది గది తాళపుచెవి ఇచ్చును. కుమార్తె యడిగినప్పుడు గది యెందుకని ప్రశ్నించును. సుస్మిత్, అషీమ్ మొదలగువారికి ఖజూర్ రోడ్డున దొరికినది గిటారు కాదు, గిటారు వారివద్ద ముందే యున్నది. దొరికినది తలుపు వేసికొని పదిమార్లు తప్పుగ వాయించుకొనుటకు ఒక చోటు.